దుప్పటి కథ

పోయిన వారం మనం మా భవనం కింద, స్తంభం దగ్గర ఆగాం. భూకంపం వస్తే ఈ ఇల్లు నిలుస్తుందా లేదా అని చూడడానికి వచ్చిన ఇంజనీరు ఆ స్తంభానికి రంధ్రం చేసి, లోపలి నుంచి కొవ్వొత్తి లావున కాంక్రీటు ముక్కను బయటికి లాగాడు. దాని మధ్యలో చిన్న ఆల్చిప్ప ఒకటి, చెక్కు చెదరకుండా తెల్లగా ఉంది. ముక్కను వేళ్ళ మధ్య నలిపితే బిస్కెట్టులా పొడి అయిపోయింది. సముద్రపు ఇసుకతో కట్టిన ఇల్లు మాది. ఆ ఇసుకను మోసి, సిమెంటులో కలిపి పోసినవాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు. ఆ పొడి చూసి ఆయన పైకి వెళ్ళిపోయాడు.

ఈ వారమే కథలోకి అడుగు పెట్టినవాళ్ళకి రెండు మాటలు. నా పేరు సోన్‌గుల్. ఇస్తాంబుల్లో, తాష్లీబయిర్ కొండ మీద పుట్టాను. ఊరి సిటీ బస్సు తోలుతాను. మా నాన్న దుర్సున్, అమ్మ జెలిహా. తోకాత్ జిల్లా పల్లెటూరి నుంచి పెళ్ళయిన కొత్తలో వచ్చి, ఈ కొండ మీద ఎవరిదో తెలియని నేలలో నాలుగు గోడలు లేపి రేకులు కప్పుకున్నారు. తర్వాత ఆ నేలకి పట్టా వచ్చింది. పట్టా వచ్చాక ఒక కాంట్రాక్టరు వచ్చాడు, అక్కడే అయిదంతస్తులు కట్టి మాకు రెండు ఫ్లాట్లు ఇచ్చాడు. ఒకటి నాన్న పేర, ఒకటి అమ్మ పేర. నా విడాకులయ్యాక నేను అమ్మ పేరనున్న ఫ్లాటులో ఉంటున్నాను, అమ్మా నాన్నా రెండోదాంట్లో.

ఇప్పుడు దీన్ని కూల్చి కొత్తది కట్టాలా వద్దా అన్నదే గొడవ. సగం మందికి పైగా ఒప్పుకుంటే చాలు. ఒక్క ఫ్లాటు తక్కువైంది. నాన్న వద్దంటున్నాడు. అమ్మ ఫ్లాటుకి కూడా ఆయనే వద్దంటున్నాడు, ఎవరూ అమ్మని అడగలేదు. నేనూ అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ కింద బొగ్గుల గదిలో చేరారు. ఇళ్ళకి గ్యాసు గొట్టాలు వచ్చాక అందులో బొగ్గు పోయడం మానేశారు గానీ, ఇప్పటికీ లేత రంగు చొక్కాతో ఆ గోడకి ఆనుకుంటే ఎంత ఉతికినా వదలని మరక పడుతుంది. ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకున్నారు. అమ్మ టీ కాచి తెచ్చింది, పొద్దుతిరుగుడు గింజలు గిన్నెలో పోసి మధ్యలో పెట్టింది, మెట్ల పక్కన చిన్న పీట మీద కూర్చుంది. మీటింగుల్లో ఆమె చోటు అదే. ఎవరి గ్లాసు ఖాళీ అయిందో చూసి నింపడం ఆమె పని.

కొత్త కాంట్రాక్టరు నూరెత్తిన్ ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. గాజు బాల్కనీలు, పచ్చిక, సైకిలు తొక్కే పిల్లలు, చేతిలో కాఫీ కప్పులతో నవ్వుతున్న జంటలు.

"ఇందులో ఒక్క ముసలి మొహం కనబడదేం నూరెత్తిన్?" అన్నాడు నాన్న. "మమ్మల్ని ఎక్కడ పెడతావు, లిఫ్టు కిందా?"

అందరూ నవ్వారు. నూరెత్తిన్ కూడా నవ్వి, "మీకు మొదటి అంతస్తు బాబాయ్. మెట్లెక్కే బాధ లేకుండా చూస్తాను" అన్నాడు.

"ఆ మెట్లు ఎక్కబట్టే ఇంకా బతికున్నాను."

మూడో అంతస్తు బెర్రిన్ నవ్వలేదు. బడిలో లెక్కలు చెబుతుంది, భర్త ఓడ మీద పని చేస్తాడు, ఇంట్లో ఆమె, చిన్న పిల్లాడు. "మా వాడి మంచం సరిగ్గా ఆ స్తంభానికి ఆనుకుని ఉంటుంది బాబాయ్" అంది. "ఇంజనీరు వచ్చి వెళ్ళినప్పటి నుంచి వాణ్ణి నా గదిలో పడుకోబెట్టుకుంటున్నాను. నా గది మాత్రం వేరే ఇంట్లో ఉందా. అదీ ఇదే. అయినా పడుకోబెట్టుకుంటున్నాను."

నాన్న ఆమె వంక చూసి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, తొంభై తొమ్మిదిలో వచ్చిన ఆ పెద్ద భూకంపానికే ఇది బీటలు వారలేదు. భయపడకు."

"అప్పుడు దీని వయసు వేరు బాబాయ్. మీ వయసూ వేరు."

మా వీధి మంగలి షాబాన్ నాన్న వైపు మనిషి. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "కొత్త ఇల్లు కడితే కట్టండి, కానీ అందులో ఎవరుంటారు? నా షాపుకొచ్చేవాళ్ళలో సగం మంది చెవుల్లో ఏదో పెట్టుకుని కూర్చుంటారు. తల నా చేతిలో ఉంటుంది, మనిషి ఎక్కడో ఉంటాడు. మంగలితో కూడా మాట్లాడని రోజు వస్తుందని ఎవరనుకున్నారు."

నాన్నకి కావలసింది ఆ మాటే. లేచి నిలబడ్డాడు. నాన్న లేచి నిలబడితే ఏం చెబుతాడో మా కొండ మీద పాతవాళ్ళందరికీ తెలుసు. చెప్పడం కూడా బాగా చెబుతాడు. ఏళ్ళ తరబడి మినీబస్సు నడిపిన మనిషి, వెనక సీటుదాకా వినబడేలా మాట్లాడడం అలవాటు.

"ఈ ఊరు పెరిగింది, బాగుపడింది అంటారు. ఏం బాగుపడింది? అప్పట్లో ఈ కొండ మీద ఒక్క తలుపుకి తాళం ఉండేది కాదు."

"తాళం వెయ్యడానికి లోపల ఏముందని?"

అన్నది అమ్మ. పీట మీద నుంచి, టీ పోస్తూ, తల ఎత్తకుండా. నవ్వులు లేచాయి. నాన్న కూడా నవ్వేశాడు.

"సరే, ఏమీ లేదు. కానీ కుళాయి నీళ్ళున్నాయి చూడండి, కొండ కింద ఆ పాత కుళాయి, ఆ నీళ్ళ రుచి ఇప్పుడు సీసాల్లో కొన్నా దొరకదు."

"తాగినవాళ్ళకి రుచే. నాకు వాటి బరువు తెలుసు."

ఈసారి ఆడవాళ్ళు మాత్రమే నవ్వారు. షాబాన్, "పిన్నీ, నువ్వివాళ ఎవరి పార్టీ?" అన్నాడు. అమ్మ అతని గ్లాసు నింపింది.

నాన్నకి కొంచెం రోషం వచ్చింది. దాంతో తన దగ్గరున్న పెద్ద కథ బయటికి తీశాడు. మా ఇంట్లో దాన్ని దుప్పటి కథ అంటాం. పెళ్ళిళ్ళలో, చావులలో, పండగ పూట భోజనాల దగ్గర నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

"నూరెత్తిన్, నువ్వు విను. ఇది నేను పట్టా కోసమో ఫ్లాటు కోసమో చెప్పడం లేదు. సోన్‌గుల్ పుట్టకముందు మాట. మోకాలి లోతు మంచు పడింది. అప్పుడు ఈ కొండకి రోడ్డు లేదు, కాలిబాట. మా ఆవిడకి ప్రాణం మీదికొచ్చింది. నేను బండి మీద ఉన్నాను, ఊరికి ఆ చివర. కబురు చేద్దామంటే ఫోన్లు లేవు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఏం చేశారో తెలుసా? ఒక దుప్పటి తెచ్చారు. ఆవిణ్ణి అందులో పడుకోబెట్టి, నాలుగు కొసలూ పట్టుకుని, ఆ మంచులో, జారుకుంటూ, పడుతూ లేస్తూ, కొండ దిగువ దాకా మోశారు. కాళ్ళకి రబ్బరు చెప్పులు. అలా తారు రోడ్డు దాకా చేర్చి, ఒక లారీని ఆపి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాళ్ళలో ఒక్కరు కూడా చుట్టం కాదు. మా ఆవిడ ఇవాళ మీకు టీ పోస్తోందంటే వాళ్ళ వల్ల. ఇప్పుడు చెప్పు, నీ గాజు భవనంలో ఎవరైనా ఎవరి కోసమైనా దుప్పటి తీసుకొస్తారా?"

షాబాన్ కళ్ళు తుడుచుకున్నాడు. ఎప్పుడూ అంతే, ఆ కథ అయ్యాక ఎవరో ఒకరు కళ్ళు తుడుచుకుంటారు. నూరెత్తిన్ కూడా తల వంచుకున్నాడు. నాన్న కూర్చోబోయాడు.

అమ్మ టీ పాత్ర కింద పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి నెమ్మదిగా లేచింది. మీటింగులో అమ్మ లేవడం చూడ్డం నాకు అదే మొదటిసారి.

"ఆ దుప్పట్లో ఉన్నది నేను" అంది.

నాన్నకి అర్థం కాలేదు. "అదే కదా చెబుతున్నాను."

"నువ్వు మోసినవాళ్ళ గురించి చెబుతావు. ఎన్నేళ్ళుగానో చెబుతున్నావు. లోపలున్న మనిషి గురించి ఎవరూ అడగలేదు. ఇవాళ నేను చెబుతాను, కూర్చో."

నాన్న కూర్చున్నాడు.

"ప్రాణం మీదికి ఎందుకొచ్చింది? కుళాయి దగ్గర నుంచి రెండు డబ్బాలు మోసుకొస్తూ జారిపడ్డాను. ఏడో నెల. నీళ్ళు మోయకు అని అందరూ చెప్పారు. మరి వంటకి ఏం పోయాలి, నీ చొక్కాలు దేంతో ఉతకాలి? డ్రైవరు చొక్కా మాసిపోతే ఊళ్ళో వాళ్ళు నవ్వుతారని పొద్దున్నే కదా అన్నావు. అది తప్పని అనడం లేదు. అప్పుడు అందరి ఇళ్ళల్లోనూ అంతే."

ఆమె గొంతులో కోపం లేదు. పక్కింటావిడతో కూర గురించి మాట్లాడినట్టే మాట్లాడుతోంది.

"నన్ను మోసింది గుల్సుమ్, హాజర్, ఇమాం గారి భార్య, ఆవిడ కోడలు. మహాతల్లులు. వాళ్ళ చేతులు మంచుకి ఎర్రబడి నెత్తురు కారాయి. వాళ్ళకి స్వర్గంలో చోటు ఉండాలి, రోజూ ఆ మాటే అడుగుతాను దేవుణ్ణి. కానీ ఒక సంగతి చెప్పనా? ఆ వేళ నాకు వాళ్ళు వద్దు. రోడ్డు కావాలి. అంబులెన్సు కావాలి. వాళ్ళ మంచితనం వల్ల నేను బతికాను, నిజమే. రోడ్డుంటే ఆ మంచితనంతో పనే లేదు."

"పిన్నీ..." అన్నాడు షాబాన్. బెర్రిన్ అతని చేయి మీద చేయి వేసింది.

అమ్మ నాన్న వైపు తిరిగింది. "ఆసుపత్రిలో నీకేం చెప్పారు?"

నాన్న గొంతు మామూలుగా లేదు. "బిడ్డ చనిపోయే పుట్టాడని."

"అలా చెప్పమని ఆసుపత్రి వాళ్ళకి గుల్సుమ్‌తో నేనే చెప్పించాను. వాడు కొండ మధ్యలో పుట్టాడయ్యా. దుప్పట్లోనే. ఏడ్చాడు. పెద్దగా కాదు. పిల్లికూన అరిచినట్టు, కానీ ఏడ్చాడు. గుల్సుమ్ తన స్వెటరు విప్పి చుట్టింది. తారు రోడ్డు ఎక్కేసరికి ఏడవడం మానేశాడు."

నాకు ఒక తమ్ముడో అన్నో పోయాడని చిన్నప్పుడు ఎవరో అంటే విన్నాను. అంతకుమించి తెలియదు. నేను ఒక్కదాన్నే పుట్టినా నాకు ఆఖరి గులాబి అని అర్థం వచ్చే పేరు ఎందుకు పెట్టారని బళ్ళో పిల్లలు అడిగేవాళ్ళు. నేనూ ఇంటికొచ్చి అడిగేదాన్ని. పేరు బాగుందని పెట్టాం అనేది అమ్మ.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు నాన్న.

"మీ అమ్మకి పిల్లలు నిలవక నీకు దుర్సున్ అని పేరు పెట్టుకుంది. వీడైనా ఉండిపోవాలని. ఆ ఇంట్లో పెరిగినవాడివి. ఏడ్చి పోయాడని చెబితే నువ్వు తట్టుకుంటావా అనుకున్నాను. తర్వాత నువ్వు ఈ కథ చెప్పడం మొదలుపెట్టావు. చెబుతుంటే నీ మొహం వెలిగిపోయేది. కళ్ళనీళ్ళు పెట్టుకుని వినేవాళ్ళు. మధ్యలో నేనేం చెప్పను?"

గింజలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

"ఇప్పుడంతా స్వర్గం అని కూడా నేననను" అంది అమ్మ, ఈసారి అందరికీ. "మొన్న చలికాలం నాలుగో అంతస్తు ముసలాయన పడిపోతే అంబులెన్సు గుమ్మం ముందుకే వచ్చింది. ఆయన పేరేంటని వాళ్ళడిగితే చెప్పినవాళ్ళు లేరు. మెట్ల మీద అందరం నిలబడ్డాం, ఒక్కరికీ తెలియదు. నాకు సిగ్గేసింది. అది కూడా నిజమే. దుర్సున్ చెప్పేది అబద్ధం కాదు, సగం. కానీ ఈ అమ్మాయి పిల్లాడి మంచం స్తంభానికి ఆనుకుని ఉంది. ఆ స్తంభంలో ఉన్నది బిస్కెట్టు. మంచి రోజులు గుర్తు చేసుకోవడానికి దాని కిందే కూర్చోవాలా?"

ఆమె చేయి ఎత్తింది. తల కన్నా పైకి లేపలేకపోయింది, భుజం నొప్పి.

"నా ఫ్లాటు నాది. కూల్చండి."

నూరెత్తిన్ చప్పట్లు కొట్టబోయాడేమో, అరచేతులు దగ్గరికి తెచ్చి, బెర్రిన్ చూసిన చూపుకి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నాన్న లేచాడు. కుర్చీ మడిచి గోడకి ఆనించాడు. ఎవరి వంకా చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. నాన్న ఫ్లాటు తలుపు తీసిన చప్పుడు రాలేదు. అడుగులు ఇంకా పైకి వెళ్ళాయి.

కాసేపాగి నేనూ వెళ్ళాను. మేడ మీద పాత నీళ్ళ ట్యాంకుల పక్కన కూర్చుని ఉన్నాడు. నేను బళ్ళో చదివే రోజుల్లో ఊళ్ళో నీళ్ళు లేక వారాల తరబడి కుళాయిలు ఎండిపోతే ఇంటింటికీ ఒక ట్యాంకు కొని పెట్టుకున్నారు. ఇప్పుడు వాటి మీద పావురాలు వాలుతున్నాయి. ఒకప్పుడు అక్కడి నుంచి చూస్తే కింద హలీచ్ అనే సముద్రపు పాయ నీళ్ళు సన్నటి గీతలా కనబడేవి, ఎండాకాలం దాని కంపు ఇక్కడి దాకా వచ్చేది. ఇప్పుడు కంపు లేదు. టవర్లు అడ్డం వచ్చి నీళ్ళు కూడా కనబడవు.

పక్కన కూర్చున్నాను.

"నీకు తెలుసా?" అన్నాడు.

"లేదు నాన్నా."

"ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పాను. ఆమె పక్కనే ఉండేది. వడ్డిస్తూ ఉండేది."

"ఆమెకి నీ మీద కోపం లేదు."

"కోపం ఉంటే బాగుండేది." అరచేతుల్ని తిప్పి చూసుకున్నాడు. "ఆసుపత్రి వాళ్ళు ఆ మూట నా చేతికే ఇచ్చారు. నేనే తీసుకెళ్ళి పూడ్చాను. చనిపోయి పుట్టిన బిడ్డకి నమాజు అక్కర్లేదన్నారు, పేరు కూడా అక్కర్లేదన్నారు. నేను సరే అన్నాను. ఏడ్చాడంటే వాడు బతికిన మనిషి కదా సోన్‌గుల్. బతికిన మనిషికి పేరు పెట్టాలి. నమాజు చదవాలి. ఏమీ చెయ్యకుండా మట్టి కప్పి వచ్చేశాను."

ఆయన చేయి పట్టుకున్నాను. స్టీరింగు పట్టుకున్న చేతులు ముసలివైనా గట్టిగానే ఉంటాయి, నా చేతులూ అలాగే అవుతున్నాయి.

"ఈ ఇల్లంటే నాకు పిచ్చి అనుకుంటారు మీరంతా" అన్నాడు. "గోడల మీద ఏం పిచ్చి. ఆ ఇంజనీరు ముక్క నలిపినప్పుడే నాకు తెలిసిపోయింది. నా భయం వేరు. ఈ వీధిలో నడుస్తుంటే ఇంకా నలుగురైనా దుర్సున్ అని పిలుస్తారు. ఇది కూలి కొత్తది లేచేసరికి వాళ్ళు ఉండరు, ఉన్నా ఇక్కడ ఉండరు. అప్పుడు నేనెవర్ని? మొదటి అంతస్తు, రెండో నంబరు. అంతే కదా."

"నేను పిలుస్తాను నాన్నా."

"నువ్వు నాన్నా అంటావు. అది వేరు."

కింద వీధిలో కూరగాయల బండివాడు మైకులో అరుచుకుంటూ పోయాడు. నాన్న మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "పద. మీ అమ్మని ఒక మాట అడగాలి."

అమ్మ వంటింట్లో ఉంది. ద్రాక్షాకుల్లో అన్నం చుడుతోంది, ఏమీ జరగనట్టు. నాన్న ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. ద్రాక్షాకు ఒకటి తీసి తన ముందు పరుచుకున్నాడు, చుట్టడం రాకపోయినా.

"వాడికి పేరు పెట్టావా?" అన్నాడు.

అమ్మ చేతులు ఆగాయి. "పెట్టాను."

"ఏమని?"

"దెనిజ్."

దెనిజ్ అంటే సముద్రం. నాన్న ఆ పేరుని నోట్లోనే ఒకసారి పలికి చూసుకున్నాడు. "సముద్రం ఎందుకు?"

"వాడు ఏడ్చినప్పుడు నేను దుప్పట్లోంచి పక్కకి చూశాను. మంచు ఆగింది. కింద దూరంగా నీళ్ళు కనబడ్డాయి. మనసులో అదే పేరు వచ్చింది. ఈ ఊరు వచ్చి అప్పటికి మూడేళ్ళు, సముద్రం దగ్గరికి ఒక్కసారీ వెళ్ళలేదు నేను."

"నేను తీసుకెళ్ళలేదా?"

"నీకు బండి ఉండేది. ఆదివారాలు కూడా."

నాన్న ఆకుని మడిచాడు, అది విడిపోయింది. మళ్ళీ మడిచాడు. "రేపు ఇమాం దగ్గరికి వెళ్తాను" అన్నాడు. "ఇన్నాళ్ళ తర్వాత నమాజు చదవచ్చా అని అడుగుతాను. చదవచ్చంటే ఇద్దరం వెళ్దాం. దెనిజ్ అని చెబుదాం."

అమ్మ తల ఊపింది. ఆమె కళ్ళలో నీళ్ళు అప్పుడు చూశాను, అంతసేపూ లేవు. నేను పొయ్యి వైపు తిరిగి టీకి నీళ్ళు పెట్టాను, అక్కడ నాతో పని లేదనిపించి.

"ఇల్లు కూల్చనీ" అన్నాడు నాన్న కాసేపటికి. గొంతు తేలికపడింది. "రేపు నేనూ చెబుతాను నూరెత్తిన్‌కి. రెండేళ్ళు ఎక్కడైనా అద్దెకి ఉందాం. ఇదే వీధిలో చూస్తాను. కట్టాక మళ్ళీ..."

"నేను తిరిగి రానయ్యా."

నాన్న నవ్వబోయాడు. అమ్మ నవ్వడం లేదు.

"ఇక్కడికి మెట్రో వచ్చినప్పటి నుంచి నేను ప్రతి గురువారం బయటికి వెళ్తున్నాను" అంది. "మీ ఇద్దరికీ మోకాలికి వైద్యం చేయించుకుంటున్నానని చెప్పాను. రెండుసార్లు వెళ్ళాను, తర్వాత మానేశాను. మెట్రో ఎక్కి రేవుకి వెళ్తున్నాను. ముసలాళ్ళకి పడవలో టికెట్టు లేదుగా. ఏది కనబడితే అదెక్కి, అది ఎక్కడికి పోతే అక్కడిదాకా వెళ్ళి, మళ్ళీ అందులోనే వస్తాను. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాను, ఊరు ఎలా ఉంటుందో ఇప్పుడు చూశాను. బాగుందయ్యా. నాకు నచ్చింది. ఎవరూ నన్ను తోకాత్ జెలిహా అనరు, దుర్సున్ పెళ్ళాం అనరు. కిటికీ పక్కన కూర్చున్న ముసలావిడని, అంతే."

కాసేపటి క్రితం మేడ మీద ఆయన దేనికి భయపడ్డాడో, దాని కోసమే ఈమె వారం వారం దొంగతనంగా వెళ్తోంది. నాకా మాట తోచింది. నాన్నకి కూడా తోచిందేమో, ఆమెని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"బోస్ఫరస్ మీద పడవ ఆగే చివరి రేవు ఉంది చూడు" అంది అమ్మ, "అక్కడ ఒక గది మాట్లాడాను. కిటికీ తీస్తే నీళ్ళు. ఇల్లు ఖాళీ చేసిన రోజున అక్కడికి వెళ్ళిపోతాను. ఈ ఫ్లాటు సోన్‌గుల్‌కి."

"మరి నేను?"

"నువ్వు వస్తే సంతోషం. రెండు మంచాలు పడతాయి. కానీ ఆ ఇల్లు ఎవరిదో చెప్పాక వస్తావో రావో."

"ఎవరిది?"

అమ్మ చేతులకంటిన అన్నం మెతుకులు గుడ్డకి తుడుచుకుంది. ఒక్క క్షణం నా వంక చూసింది, క్షమించమన్నట్టు.

"యాషార్‌ది" అంది.

యాషార్ మా నాన్నకి తమ్ముడు. ఈ కొండ మీద మొదటి గోడ ఇద్దరూ కలిసి లేపారట. నేను పుట్టకముందే నల్ల సముద్రంలో చేపల పడవ మునిగి చనిపోయాడని, శవం కూడా దొరకలేదని మా ఇంట్లో చెబుతారు. ప్రతి ఏడూ ఆయన పేర హల్వా చేసి వీధంతా పంచుతాం. ఆ సంగతి నాకు చెప్పింది, హల్వా నా చేత పంపించేది నాన్నే.

నేను నాన్న వైపు తిరిగాను. చచ్చిన మనిషి బతికున్నాడని వింటే ఎవరికైనా ముందు కలిగేది ఆశ్చర్యం. ఆయన ముఖంలో అది లేదు. విడిపోయిన ద్రాక్షాకుని బల్ల మీద పెట్టి, అరచేత్తో మెల్లగా సాపు చేస్తూ, తల ఎత్తకుండా అడిగాడు.

"ఏం చెప్పాడు నీకు?"